నాలుగో మడికి న్యాయం

పాకాల మండలంలో కలుపు అనే మాట ఇక నిఘంటువుల్లోనే మిగులుతుందని మంత్రి గిరిప్రసాద్ గారు ప్రకటించారు. అప్పుడు ఆయన చెంగల్రాయుడి పొలం గట్టు మీద, కార్పెట్ పైన నిలబడి ఉన్నారు. పాకాల విలేకరిగా ఆ మాట నోట్ చేసుకునే భాగ్యం నాకు దక్కింది.

చెంగల్రాయుడికి ఉన్నది ఆ ఒక్క ఎకరమే. స్వీట్ కార్న్ పండించి బంగారుపాళ్యం హైవేలో ఉడికించి అమ్మేవాళ్లకు వేస్తాడు. ఈసారి కొత్త కలుపు మందు పరీక్షకు పొలం ఇచ్చాడు. పైరు మోకాలెత్తు రాగానే శాస్త్రవేత్త రఘునాథ్ దాన్ని నాలుగు మళ్లు చేశాడు. ఒకదానికి సగం మోతాదు, ఒకదానికి పూర్తి, ఒకదానికి రెట్టింపు. నాలుగోదానికి అసలు మందే లేదు. పంట దెబ్బతింటే నాలుగో మడితో పోల్చి పరిహారం ఇస్తామని కాగితం రాసిచ్చారు.

మంత్రిగారి చూపు నాలుగో మడి బోర్డు మీద పడింది.

"ఏమప్పా, దీనికి సున్నా ఏసినారే?"

"దానికి మందు కొట్టం సార్. మిగతా మూడింటినీ దాంతో పోల్చాల," అన్నాడు రఘునాథ్.

"నా నియోజకవర్గంలో మూడు మళ్లకిచ్చి ఒక మడిని ఎండగట్టేది జరగదు. అదేం పాపం చేసిందబ్బా?"

కార్యకర్తలు చప్పట్లు కొట్టారు.

"మరి ఎంత కొట్టమంటారు సార్?"

"అన్నిటికంటే ఎక్కువ ఎంత ఉండాది?"

"రెట్టింపు సార్."

"నాలుగింటికీ అదే కొట్టండి. సమానత్వమంటే కిందికి దించేది కాదప్పా, పైకి ఎత్తేది."

ఇంత చిన్న వాక్యంలో ఇంత సామాజిక న్యాయం నేనెప్పుడూ వినలేదు. చెంగల్రాయుడు మాత్రం చేతులు జోడించాడు.

"సార్, ఆ ఒక్క మడి వదలండి సార్. పంట పోతే నాకు అదే ఆధారం."

మంత్రిగారు ఆయన భుజం మీద చెయ్యేశారు. "నీ మడికి నువ్వే అన్యాయం చేస్తావా రాయుడూ?"

తర్వాత మంత్రిగారు స్వయంగా పంపు తగిలించుకుని ఫొటోకు సరిపడేంత సేపు కొట్టారు. అందులో ఉన్నది మంచినీళ్లు. అధికారుల ముందుచూపు మీద నాకు గౌరవం పెరిగింది. ఆయన కారెక్కాక అసలు మందు కొట్టారు. అది కొట్టేలోపే చెంగల్రాయుడి భార్య అక్కమ్మ నాలుగో మడి చివర ఇరవై మొక్కల మీద తన పాత చీర కప్పింది. నేను చూశాను కానీ రాయలేదు. విలేకరి అన్నీ రాయకూడదు.

పది రోజులకు పైరంతా తెల్లబడి ముడుచుకుంది. తుంగ కలుపు మాత్రం పచ్చగా నిలబడింది. నేను దూరం నుంచి ఫొటో తీశాను, బాగా వచ్చింది. చెంగల్రాయుడు గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నిజంగా బాధేసింది. మర్నాడు ఫొటో కింద 'ఆనందంలో రైతు' అని వేశారు.

కోతల వేళకు ఫలితాల పండుగ పెట్టారు. మంత్రిగారికంటే ముందొచ్చిన రఘునాథ్ ఫారం తీశాడు.

"నష్టం రాయాలంటే మందు కొట్టని మొక్క కావాల. యాడుండాది?"

"ఈడుండాది సార్, రాండి," అంది అక్కమ్మ.

ఇరవై మొక్కలు, ఇరవై కంకులు. రఘునాథ్ ముఖం వెలిగింది, టేపు కూడా తీశాడు. ఇంతలో మంత్రిగారి కాన్వాయ్ వచ్చింది.

"ఇదప్పా మందంటే," అన్నారు మంత్రిగారు కంకి నిమురుతూ. "ఉడకేయండి."

"ఒక్కటన్నా ఉంచండి నాయనా," అంది అక్కమ్మ.

"ఏమ్మా, మంత్రికి పెట్టకూడదా?" అన్నాడు ఒక కార్యకర్త.

అక్కమ్మ మొక్కల ముందు నుంచి పక్కకు జరిగింది. పొయ్యి, గుండిగ నిమిషాల్లో వచ్చాయి. మొక్కల్ని వేళ్లతో సహా పెరికి మంత్రిగారి కారుకు అలంకారంగా కట్టారు. ఉప్పు కాస్త తక్కువైందని మంత్రిగారు అన్నారు. రఘునాథ్ అది 'రుచి' గడిలో రాసుకున్నాడు.

కార్లు వెళ్లాక, వాళ్లు కొరికి పారేసిన బెండ్లు అక్కమ్మ ఏరి రఘునాథ్ ముందు పోసింది. అతను లెక్కబెట్టాడు. పద్దెనిమిది.

"వీటితో ఏం రాసేది తల్లీ? గింజలున్న కంకి ఒక్కటి చూపించు. నా ఉద్యోగం పోయినా సరే, రాస్తా."

అక్కమ్మ గట్టంతా వెతికింది. చెంగల్రాయుడు తుంగలో వంగి వెతికాడు. నేను ఇంకా వెచ్చగా ఉన్న నా సంచి భుజాన వేసుకుని స్కూటర్ స్టార్ట్ చేశాను. మా పిల్లలిద్దరికీ స్వీట్ కార్న్ అంటే ప్రాణం.