మందులు వాడే గల్లీ

అల్మాస్‌గూడలో ఒక్క గల్లీ పని భోజనాల వేళకు ముగించుకుని, కొత్తపేటలో ఇల్లు చేరి, అమ్మ చేసిన గోంగూర పప్పు తినాలన్నది ఆ ఉదయం అమల వేసుకున్న పథకం. మాదకద్రవ్యాల వాడకం మీద సర్కారు తీయిస్తున్న లెక్కలో ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ట్యాబ్‌లో ప్రశ్న ఇలా ఉంది: "మీ గృహమునందు ఎవరైనను మాదకద్రవ్యములు సేవించుచున్నారా?" ఇలాంటి తెలుగు రాసినవాళ్ళను ఎండలో గడప గడపకూ తిప్పాలని నా కోరిక.

మొదటి ఇంటి గడప దగ్గర అండాలమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ప్రశ్న మొత్తం ఓపిగ్గా విన్నది.

"గదేంది బిడ్డా, సమజ్ కాలే."

అమల తేలిక చేసింది. "మందులండి. ఇంట్లో ఎవరైనా మందులు వాడతారా అని."

"గట్ల చెప్పు మరి. మా ఆయన వాడ్తడు. పొద్దుగాల, మల్ల రాత్రికి."

"రోజూనా?"

"ఒక్క పూట తప్పినా చేతులు వణుకుతయి. చెంచా గూడ పట్టరాదు."

శిక్షణలో చెప్పిన లక్షణాలన్నీ అచ్చంగా సరిపోయాయి. అమలకు జాలేసింది. గొంతు తగ్గించి అడిగింది, "ఎవరు తెచ్చిస్తారండి?"

"మా కొడుకు మధు. దిల్‌సుఖ్‌నగర్‌ల మెట్రో కింద దొరుకుతయి. గల్లీల అందరికి వాడే తెస్తడు. మంచి పిలగాడు."

ఈలోగా సర్కారు మందులు ఊరికే ఇస్తుందన్న మాట గల్లీ అంతా పాకిపోయింది. ఎదురింటి యాదలక్ష్మి పరుగున వచ్చింది. "నాక్కూడ రాయి మేడం. ఒకటి గాదు, మూడు పూటలు అని రాయి." ఆమె వెనక వరస కట్టినవాళ్ళందరూ నాలుగేసి పూటలు రాయించుకున్నారు. మూల మేడ మీద కిరాయికుండే ఇద్దరు మాత్రం "మా దగ్గర అసొంటివి లేవు" అని తలుపేసుకున్నారు. ఆ కిటికీలోంచి వచ్చే పొగ గురించి ట్యాబ్‌లో ప్రశ్న లేదు. భోజనాల వేళకు ఆ గల్లీ మాదకద్రవ్యాల లెక్కలో నగరంలోకెల్లా మొదటి స్థానానికి ఎక్కింది.

మర్నాడు పొద్దున్నే వ్యాను దిగింది. అందులోంచి అధికారి ప్రసన్నకుమార్, ఇద్దరు కానిస్టేబుళ్ళు, ముఖం వేలాడేసుకుని అమల. ప్రసన్నకుమార్ మెత్తని మనిషి. మంచం మీద కూర్చున్న అండాలమ్మ భర్త మట్టయ్య పక్కనే తానూ కూర్చున్నాడు.

"పెద్దాయనా, భయపడకండి. కొన్ని వారాలు మా కేంద్రంలో ఉంటే మొత్తం మాన్పించేస్తాం."

"ఈ వణుకుడు మాన్పిస్తరా సారూ?" మట్టయ్య ముఖం వెలిగిపోయింది.

అండాలమ్మకైతే కాళ్ళు నేల మీద ఆగలేదు. దవాఖానే ఇంటికొచ్చిందని మురిసిపోయింది. సంచిలో ఆయనవి రెండు జతలు, తనవి రెండు చీరలు సర్దింది.

"మీరు రాకూడదమ్మా. ఆయనొక్కరే," అన్నాడు ప్రసన్నకుమార్.

ఆమె సంచి కింద పెట్టేసింది. "మరి అంగి గుండీలు ఎవరు పెడ్తరు? బువ్వ ఎవరు తినిపిస్తరు?"

పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఆయన్ని విడిచి ఒక్క పూట కూడా ఉండలేదు. ఆ ఆలోచనకే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మట్టయ్య వణికే చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వణుకుడు ఉంటే ఉండనియ్యి సారూ. నేను రాను."

సరిగ్గా అప్పుడే మధు బండి దిగాడు. కానిస్టేబుళ్ళు అతని సంచి గుంజుకుని మంచం మీద కుమ్మరించారు. షుగరు గోలీలు, బీపీ గోలీలు, మోకాళ్ళకు రాసే తైలం, వణుకుడు జబ్బుకు డాక్టరు రాసిన చీటీ బయటపడ్డాయి.

"సార్, ఇవి మందులు," అన్నాడు కానిస్టేబుల్.

"మందుల కోసమేగా వచ్చాం."

"ఆ మందులు కాదు సార్. మందులు."

ప్రసన్నకుమార్ అమల వైపు చూశాడు. అమల కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అండాలమ్మే లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. "ఏడ్వకు బిడ్డా. నువ్వడిగింది మందులే, నేను చెప్పింది మందులే. ఇందుల తప్పేముంది?"

"సార్, ఆ లెక్క తీసేద్దాం," అంది అమల ముక్కు తుడుచుకుంటూ.

"పైకి వెళ్ళిపోయిందమ్మా. తీసేసే వీల్లేదు. 'వాడుతున్నారు' అన్నదాన్ని 'మానేశారు' అని మార్చడానికే వీలుంది."

గత్యంతరం లేక అలాగే మార్చారు. గల్లీకి గల్లీయే ఒక్క రోజులో వ్యసనం మానేసిందని పైవాళ్ళు పొంగిపోయారు. ఎల్బీనగర్‌లో సభ పెట్టి, మట్టయ్యకు సన్మానం అన్నారు. ఆయన మెట్లెక్కుతుంటే అండాలమ్మ చెయ్యి పట్టుకుని వెంట ఎక్కింది. ఈసారి ఎవరూ ఆపలేదు. శాలువా జారిపోకుండా ఆమే సర్దింది.

మైకు ముందుకు జరిపి అడిగారు, "ఎలా మానగలిగారో చెప్పండి."

"నేనెక్కడ మాన్న సారూ," అన్నాడు మట్టయ్య, దాపరికం ఎరగని మనిషి. "ఇంతకుముందే మా అండాలు గోలి ఏసింది. అది ఎయ్యకుంటే గీ మెట్లు ఎట్ల ఎక్కుత?"

అండాలమ్మ సిగ్గుపడింది.

ఆ ఏటి నివేదికలో ఆ గల్లీ పేరు పక్కన 'మళ్ళీ మొదలుపెట్టారు' అని చేరింది.