తనిఖీ వేళకు చీమలు

మానవజాతి సాధించిన విజయాలన్నిటిలోకీ గొప్పది దరఖాస్తు ఫారం. ఒప్పుకోని వాళ్లు మా అపార్ట్‌మెంటుకు వచ్చి, ఇంట్లో చీమలు పట్టాయని ఒక్కసారి ఫిర్యాదు చేసి చూడవచ్చు. (నేనూ ముప్ఫై ఏళ్లు ఒక ఆఫీసులో కూర్చుని దరఖాస్తులు తిప్పి పంపినవాణ్ణే. కనుక అసూయ లేకుండానే అంటున్నాను.)

మా అమ్మాయి మూడు నెలల పాపను తీసుకుని, నెల రోజులు ఉండడానికి వచ్చింది. వాళ్లొచ్చిన రెండో రోజునే పొయ్యిగట్టు వెనక గోడలోంచి ఎర్రచీమలు బయల్దేరి ఊయల దాకా వచ్చాయి. పాప చెవి వెనక ఒకటి కుట్టింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"పది రోజులు చూస్తాను నాన్నా. ఇవి పోకపోతే మా ఇంటికి వెళ్లిపోతాను," అంది అమ్మాయి. కోపంగా అంటే సర్దిచెప్పేవాణ్ణి. మామూలుగా అంది, అందుకే భయం వేసింది.

పసిపిల్ల ఉన్న ఇంట్లో మందు కొట్టలేం. పైగా మా నివాసుల సంఘం నియమావళి ప్రకారం గోడ లోపలి చీమలు సంఘం ఆస్తి. తల బయటపెట్టిన క్షణం నుంచి ఫ్లాటు వాళ్ల బాధ్యత. (సగం లోపల, సగం బయట ఉన్న చీమ గురించి ఉపసంఘం రెండేళ్లుగా చర్చిస్తోంది.)

సంఘం వారి ఫిర్యాదుల యాప్ తెరిచాను. చీమల రంగు అడిగింది. ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఎక్కడికి వెళ్తున్నాయి, ఎందుకు అని అడిగింది. ఎందుకు అన్నచోట "తెలియదు" అంటే ఒప్పుకోలేదు. "సొంత పని మీద" అంటే ఒప్పుకుంది. సంఖ్య సుమారుగా రాయరాదట. మోకాళ్ల మీద కూర్చుని మూడువందల నలభై దాకా లెక్కపెట్టాను. అప్పుడొకటి ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

నాలుగో రోజు పదకొండింటికి పరిశీలకుడు వస్తాడని కబురొచ్చింది. తనిఖీ సమయంలో కనీసం యాభై చీమలు విధుల్లో ఉండవలెను, లేనిచో ఫిర్యాదు దానంతటదే మూతపడును. ఇది నేను చదివాను. మా ఆవిడ చదవలేదు. ఎవరో ఆఫీసరు ఇంటికొస్తున్నాడని మాత్రం విని, పొద్దున్నే గట్లు తోమి, ఫినాయిలుతో నేల రెండుసార్లు తుడిచి, చెయ్యి ఊరుకోక గోడ కూడా తుడిచింది. నేను స్నానం చేసి వచ్చేసరికి ఇల్లు తళతళలాడుతోంది. మచ్చుకు ఒక్క చీమ లేదు.

పరిశీలకుడు పావుగంట గోడ చూశాడు. "ఇల్లు భలే శుభ్రంగా ఉంచుకున్నారమ్మా," అన్నాడు. మా ఆవిడ మురిసిపోయింది. ఫిర్యాదు మూతపడింది. సాయంత్రానికి చీమలు తిరిగొచ్చాయి.

రెండో ఫిర్యాదుకు జాగ్రత్తపడ్డాం. ఆ పెద్దమనిషి ఏ రోజు వచ్చినా హాజరు తగ్గకుండా రోజూ పదిన్నరకు గోడవార చెంచాడు చక్కెర పోశాం. మా ఆవిడ చీపురు ముట్టుకోవడం మానేసింది. ఒకరోజు వరసను పరిశీలనగా చూసి, "ఇవాళ తక్కువొచ్చాయండీ, ఒంట్లో బాగాలేదేమో," అంది. కాస్త తేనె కూడా వెయ్యమన్నాను.

"మీరిద్దరూ చీమల్ని పెంచుతున్నారు," అంది అమ్మాయి.

"పెంచడం కాదమ్మా, సాక్ష్యం కాపాడుతున్నాం," అన్నాను.

పదో రోజు పాప చేతి మీద రెండు దద్దుర్లు లేచాయి. పదకొండో రోజు పొద్దున ఎనిమిదింటికి అమ్మాయి బట్టలు సర్దుకుంది. ఇవాళ పదకొండింటికి పరిశీలకుడు వస్తాడని రాత్రే కబురొచ్చింది, ఇంకో మూడు గంటలు ఆగమ్మా అని బతిమాలాను. ఆగలేదు. తప్పు నాదేనని తెలుసు, అయినా కోపం దాని మీదే వచ్చింది. ఆటో కనుమరుగయ్యేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

పదకొండింటికి పరిశీలకుడు వచ్చాడు. వరస చూసి ముచ్చటపడ్డాడు. "ఇంత పద్ధతైన చీమల్ని నా సర్వీసులో చూడలేదండీ," అని ఫోటో తీసుకున్నాడు. తర్వాత ఫారం తిప్పాడు.

"బాధితురాలు అన్నచోట మనవరాలు అని రాశారు. పాపను తీసుకురండి, వేలిముద్ర చాలు."

"పొద్దున్నే వెళ్లిపోయిందండీ. ఈ చీమల వల్లే."

"అంటే ఇప్పుడు ఇంట్లో కుట్టించుకునేవాళ్లు ఎవరూ లేరు."

"మేమిద్దరం ఉన్నాం కదండీ," అంది మా ఆవిడ.

"మీ పేర్లు ఫారంలో లేవమ్మా," అన్నాడు మర్యాదగా. "బాధితురాలు లేనందున బాధ లేదు. పరిష్కరించడమైనది," అని రాసి సంతకం పెట్టాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అంత చక్కటి వాక్యం నేనూ రాయలేదు.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. వెనకాల పాప ఊ కొడుతోంది.

"చీమలు పోయాయా నాన్నా?"

"పోయాయని రాసిచ్చారమ్మా."

"అయితే రమ్మంటావా?"

"వద్దమ్మా. పాప ఇక్కడ లేనంతకాలమే చీమలు లేవు."