పన్నెండు నెలల తాళం

జ్ఞానానికి తాళం వేయడం మానవజాతికి చేసిన మహోపకారం! నమ్మకపోతే నందిగామ వెళ్లి, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే సింధూరను అడగండి.

ఏడు దేశాల శాస్త్రవేత్తలు కలిసి, మిరపతోటలను పీల్చిపిప్పి చేసే నల్లతామర పురుగు మీద పరిశోధన మొదలుపెట్టారు. వాళ్లు సంతకాలు చేసుకున్న విధానపత్రంలో మొదటి వాక్యం, "జ్ఞానం అందరిదీ." ఎంత విశాల హృదయం! పురుగులను లెక్కపెట్టే పని మాత్రం అందరిదీ కాదు, సింధూరది.

ప్రతి ఆదివారం బస్సెక్కి చిల్లకల్లు వెళ్లేది. బుల్లిబాబు అనే రైతుకున్న మూడెకరాల తోటలో వంగి వంగి, పూలను తెల్లకాగితం మీద దులిపి, రాలిన పురుగులను లెక్కపెట్టేది. ఆయన పక్కనే గొడుగు పట్టుకుని నిలబడేవాడు. ఆ ఏడు పంట సగం పోయింది.

"పోతే పోయిందిలేమ్మా. వచ్చే ఏడుకన్నా మీవాళ్లు మార్గం చెప్తారుగా?"

"తప్పకుండా చెప్తారండీ. నాదీ పూచీ," అంది సింధూర.

ఆగస్టులో వ్యాసం పేద్ద విదేశీ జర్నల్లో వచ్చింది. సింధూర ఫోన్లో లింకు నొక్కింది. తెర మీద తాళంకప్ప బొమ్మ! కాలేజీ చందా కట్టలేదు కాబట్టి పన్నెండు నెలలు ఆగాలట. ఆ తర్వాత తలుపులు బార్లా తెరుస్తారట. ఏడు దేశాలూ నాలుగేళ్లు చర్చించి సాధించిన రాజీ అది. రచయితల్లో సింధూర పేరు లేదు, "స్థానిక సహకారం" అని ఉంది. స్థానిక సహకారానికి కాపీ ఎవరు పంపుతారు?

అయితే సారాంశం ఉచితం. "రైతులకు అత్యంత ఉపయోగకరమైన విషయం కనుగొన్నాం" అని అందులో ఉంది. ఆ విషయమేమిటో లోపల ఉంది. శాస్త్రవేత్తలకు సస్పెన్సు చేతకాదన్నది ఎవరండీ?

ప్రధాన శాస్త్రవేత్తకు మెయిల్ పెట్టింది. క్షణంలో జవాబు! "జ్ఞానాన్ని అందరికీ తెరవడంపై అంతర్జాతీయ సదస్సుల్లో తీరిక లేకుండా ఉన్నాను." ఏడాది పొడవునా ఎన్నిసార్లు రాసినా అదే జవాబు. నిబద్ధత అంటే అదీ!

సంగతి విన్న బుల్లిబాబు ఊరుకోలేదు. పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్, ఆధార్ జిరాక్సులు సంచిలో పెట్టుకుని జగ్గయ్యపేటలో కిషోర్‌బాబు నెట్ సెంటర్‌కు వెళ్లాడు.

"పొలం నాది, పురుగులూ నా పొలంలోవే. సర్వే నెంబరు కొట్టి చూడు కిషోర్‌బాబూ, తెరుచుకుద్ది."

కిషోర్‌బాబు నవ్వలేదు. పాసుపుస్తకం స్కాన్ చేసి, మీ సంస్థ ఆధారం జతచేయండి అన్నచోట ఎక్కించాడు. "మీ సంస్థకు చందా లేదు" అని వచ్చింది. చూశారా, మూడెకరాల చెలకను సంస్థగా గుర్తించారు! మన వ్యవసాయ కార్యాలయాల్లో ఏనాడైనా ఇంత మర్యాద దొరికిందా?

అయినా అందరికీ అన్నీ తెలిసిపోతే ఏమైపోతుంది లోకం? రైతులు గట్టు మీద జర్నళ్లు చదువుతూ కూర్చుంటే కలుపు ఎవరు తీస్తారు? సదస్సుల్లో చర్చించడానికి ఏం మిగులుతుంది?

అక్టోబరులో పూత వచ్చింది. పురుగూ వచ్చింది. దానికి చందా అక్కర్లేదుగా!

బుల్లిబాబు రోజూ ఫోన్ చేసేవాడు. "ఏమన్నా తెలిసిందామ్మా?" అని ఒక్కటే మాట. మొదట్లో సింధూర ఎత్తేది. తర్వాత సిగ్గేసి మానేసింది. డిసెంబరులో ఆయన మొక్కలన్నీ పీకించేశాడు. ఈ జన్మలో మిరప జోలికి పోనని ఒట్టు పెట్టుకుని మరుసటి ఏడు పత్తి వేశాడు.

ఆగస్టు వచ్చింది. చెప్పిన రోజుకే తాళం తీశారు. మాట తప్పని పెద్దమనుషులు!

సింధూర వ్యాసం ప్రింటు తీసుకుని చిల్లకల్లు వెళ్లింది. పత్తిచేను గట్టు మీద కూర్చుని, పేరా పేరా బుల్లిబాబుకు తెలుగులో చెప్పుకుంటూ వచ్చింది. ఆఖరి పేరా దగ్గరకు రాగానే కాగితం మడవబోయింది.

"ఏముందమ్మా? చదువు."

"పూత మొదలైన పదిరోజుల్లోగా ఈ సంగతి రైతు చెవిన వేస్తే పంట దక్కుతుంది, ఆలస్యమైతే తోట మొత్తం పోతుంది అని రాశారండీ."

బుల్లిబాబు ఆ కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కరెక్టుగానే కనిపెట్టారమ్మా," అన్నాడు.