గేరుబాక్సుకు జమాఖర్చు

మానవజాతి చక్రం కనిపెట్టిన నాటి నుంచి తలపెట్టిన మహత్కార్యాల్లో, ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి శేషాద్రి గారి పాత కారుకు గేరుబాక్సు ఆయిల్ మార్చడం ఒకటి. చక్రం కోసం కూడా ఇన్ని సమావేశాలు జరిగి ఉండవు.

అది ఆటోమేటిక్ కారు, క్లచ్ ఉండదు. శేషాద్రి గారి భార్య శకుంతలమ్మ ఎడమకాలి చీలమండ విరిగి అతికినప్పటి నుంచి ఆమె నడపగలిగేది ఆ ఒక్క కారే. దాన్ని నడపగలిగేది కూడా ఇంట్లో ఆమె ఒక్కతే. రోజూ జమ్మలమడుగు పోయి, తాను పెట్టి పెంచిన చీరల దుకాణం తాళం తీస్తుంది. ఆ దుకాణమంటే ఆమెకు ప్రాణం. కారు ఆగిపోతే తాళంచెవి మరిది భానుప్రకాష్ జేబులోకి పోతుందని ఆమెకు తెలుసు. (భానుప్రకాష్‌కూ తెలుసు. కారు ఎలా ఉందని రోజూ ఎంతో ప్రేమగా అడుగుతుంటాడు.)

ఒకరోజు గేరు మారేటప్పుడు కారు వెనక నుంచి ఎవరో తోసినట్టు కుదిపింది.

"ఏమండీ, గేరుబాక్సు ఆయిల్ మార్పించాల. బండి కుదుపుతాంది," అంది ఇంటికి రాగానే.

"ఆటోమేటిక్ గదా! దాని పని అదే చూసుకుంటాది," అన్నారు శేషాద్రి గారు. "కొన్నప్పటి నుంచి ఒక్కతూరి తెరిచినామా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

ఆమె వదల్లేదు. విషయం ఇంటి కమిటీకి వెళ్ళింది. (కమిటీ అంటే అన్నదమ్ములిద్దరూ. ఆ కారు నడపడం వచ్చినవాళ్ళు సభ్యులు కాకూడదని ఎక్కడా రాసి లేదు గానీ, ఆ నియమాన్ని ఎవరూ మీరలేదు.) పండగ సరుకు దారిలో ఆగిపోతే ఎవరు మోస్తారని ఆమె అడిగాక కమిటీ మెత్తబడింది.

సర్వీసు కేంద్రంలో సలహాదారు అజ్మతుల్లా నిబంధనలు వినిపించాడు. బాధ లేని గేరుబాక్సును తెరవరాదు. బాధ ఉన్నదాన్ని తెరిస్తే పూచీ కేంద్రానిది కాదు. పాత ఆయిల్ తీసే యంత్రం కడప నుంచి శుక్రవారం మాత్రమే వస్తుంది, సాయంత్రానికి వెళ్ళిపోతుంది.

శుక్రవారం! శేషాద్రి గారి ఇంట శుక్రవారం నాడు తోడుకు చెంచాడు పెరుగు కూడా గడప దాటదు. అలాంటిది డబ్బాల కొద్దీ ఆయిల్ బయటికి పోవడమా? కమిటీ అత్యవసరంగా సమావేశమై పరిష్కారం కనుక్కుంది. ముందు జమ, తర్వాత ఖర్చు. కొత్త ఆయిల్ శుక్రవారం పోయాలి. పాతది శనివారం తీయాలి.

"నిండిపోతాది సెట్టీ," అన్నాడు అజ్మతుల్లా.

"నిండితే మంచిదే గదప్పా!"

"శనివారం ఆ యంత్రం యాడుంటాదండీ?" అంది శకుంతలమ్మ. "తీసేది మల్లా శుక్రవారమే గదా! ఇంగ ఎప్పుడు తీస్తారు?"

ఇది నిరాశావాదమని కమిటీ అభిప్రాయపడింది. అజ్మతుల్లా నిబంధనలన్నీ తిరగేశాడు. పాతదాని మీద కొత్తది పోయకూడదని ఎక్కడా లేదు. పోసేశాడు.

మర్నాడు జమ్మలమడుగు దారిలో ఇంజను అరిచింది గానీ కారు కదల్లేదు. నిండి పొంగిన ఆయిల్, ఎవరి ముహూర్తమూ అడక్కుండా, తనంతట తానే రోడ్డు మీదికి కారింది. చెప్పినా వినలేదన్న కోపంతో శకుంతలమ్మకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. దుకాణం ముందు బేరాలు వచ్చి నిలబడి ఉంటాయి. మధ్యాహ్నానికల్లా భానుప్రకాష్ బస్సులో వచ్చి, ఆమె దగ్గర తాళంచెవి తీసుకుని, "నువ్వు ఇంటికి పో వదినా, ఎండ శానా ఉంది," అని దుకాణం తెరవడానికి పోయాడు.

కారును లారీ మీద పులివెందులలో తెలిసినవాళ్ళ షెడ్డుకు చేర్చారు. ఇంట్లో విచారణ జరిగింది. ఆడమనిషి నడపడం వల్లే గేరుబాక్సు చెడిపోయిందని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. (ఆయిల్ సంగతి చర్చించడానికి సమయం చాలలేదు.) కాబట్టి దుకాణం ఇకపై భానుప్రకాష్ చూసుకుంటాడు. శకుంతలమ్మ విశ్రాంతి తీసుకుంటుంది. ఆమె అలసిపోయిందని కూడా కమిటీయే కనిపెట్టింది.

కారు బాగైందని కబురు వచ్చింది. పులివెందుల నుంచి తేవాలి. భానుప్రకాష్ వెనకటికొకసారి దాన్ని నడపబోయి, ఎడమకాలితో క్లచ్ వెతుకుతూ బ్రేకు తొక్కి, నుదురు స్టీరింగుకు కొట్టుకున్నాడు. శేషాద్రి గారికి డ్రైవింగే రాదు. కమిటీ చాలాసేపు ఆలోచించి, కారు తాళాలు శకుంతలమ్మ ముందు పెట్టింది.

"నేను నడిపితే చెడిపోతాదంటిరే?" అంది ఆమె.

"తెచ్చేదానికి ఏం కాదులే," అన్నారు శేషాద్రి గారు ఎంతో శాంతంగా. "దుకాణానికి పోతేనే చెడిపోతాది."