అడుగులన్నీ వరసగా

ఆ ఆదివారం లెక్కల మాస్టారు పెట్టుకున్న పనులు మూడే. తొమ్మిదింటికి బడికి వెళ్ళి తొమ్మిదో తరగతి పిల్లలకి సందేహాల క్లాసు చెప్పడం, పన్నెండింటికల్లా తిరిగొచ్చి కారిపోతున్న వంటింటి కుళాయి బాగుచేయించడం, ఒంటిగంటకి హాస్టల్లో ఉన్న కూతురికి "తిన్నావా" అని మెసేజ్ పెట్టడం. మూడోది రోజూ ఉన్నదే. దానికి "తిన్నా" అని జవాబొచ్చేది. భార్య పోయిన ఈ ఎనిమిది నెలల్లో తండ్రీ కూతుళ్ళు చెప్పుకున్నదంతా కలిపి రాసినా ఒక పేజీ నిండదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈయన మాట ఆ పిల్లకీ, ఆ పిల్ల మాట ఈయనకీ ఆవిడే చేరవేసేది. ఇప్పుడా పని చేసే మనిషి లేదు. ఇంట్లో కుళాయి చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

బళ్ళో మాత్రం మాస్టారికి గొప్ప పేరు. ముప్ఫై ఏళ్ళలో ఏ పిల్లాణ్ణీ "తప్పు" అన్న పాపాన పోలేదు. ఎంత వంకరటింకర లెక్క చేసుకొచ్చినా, "మంచి ప్రయత్నం. కానీ ఇంకోసారి ఆలోచించు. అడుగులన్నీ వరసగా రాసి చూపించు" అనేవారు. జవాబు ఎవరైనా చెప్తారు, అక్కడిదాకా ఎలా నడిచొచ్చావన్నదే లెక్క అని ఆయన సిద్ధాంతం. తల్లిదండ్రులు వస్తే, "ఎన్ని మార్కులొచ్చాయని అడక్కండి, ఎలా చేశావని అడగండి" అని బుద్ధి చెప్పి పంపేవారు. ఇన్ని చెప్పిన పెద్దమనిషి పంతొమ్మిదేళ్ళ సొంత కూతుర్ని మాత్రం బళ్ళో చేరినప్పట్నుంచీ "ఎన్నొచ్చాయి" అనే అడిగారు. ఓపికంతా పరాయి పిల్లలకి పంచిపెట్టి వచ్చేసరికి ఇంటికి మిగిలేది కాదు కాబోలు.

ఇక ఫోను సంగతి. నలభై రెండు మంది పిల్లలు హోంవర్కు ఫొటోలు తీసి పంపుతుంటే, ఒంటివేలితో జవాబులు కొట్టలేక మాస్టారు అవస్థ పడటం చూసి కంప్యూటర్ టీచరమ్మ జాలిపడింది. మెసేజ్ రాగానే ఫోనే జవాబు పంపేసే ఏర్పాటు ఒకటుందని చెప్పి, శనివారం సాయంత్రం మాస్టారి మాటనే అందులో ఎక్కించింది. 'చూపించు' అన్నచోట 'పంపు' అని మార్చింది, అంతే. "ఎవరెవరికి పంపాలో అడుగుతుంది, మీ క్లాసు పిల్లల్ని ఎంచుకోండి సార్" అనేసి బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

ఫోను అడిగింది. 'అందరికీ', 'ఎంచుకున్నవారికి' అని రెండు దారులు చూపించింది. మాస్టారు లెక్కల మనిషి కదా, ఊరికే నొక్కరు. అందరికీ అంటే ఏ సమితిలోని అందరికీ అన్నది ముందు తేలాలి. ఇప్పుడు మాట్లాడుకుంటున్నది తొమ్మిదో తరగతి అనే సమితి గురించి. కనుక అందరికీ అంటే ఆ నలభై రెండు మందికీ. ఇంత శుభ్రంగా తర్కించి 'అందరికీ' నొక్కారు. ఫోనుకి సమితుల పాఠం ఎవరూ చెప్పలేదన్నది ఆయనకి తట్టలేదు.

తరగతి గదిలోకి ఫోను రాకూడదన్నది ఆయనే పెట్టిన నియమం. కాబట్టి దాన్ని వంటింట్లో ఛార్జింగుకి పెట్టి, బడికి వెళ్ళిపోయారు.

పన్నెండింటికి తిరిగొస్తుంటే, రెండిళ్ళ అవతల ఉండే పెద్దాయన ఖాళీ బకెట్‌తో గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"మీ ప్లంబర్ని మా ఇంటికి పంపారేంటి మాస్టారూ? చక్కగా ఉన్న కుళాయి విప్పి పడేశాడు. చుక్క నీళ్ళు లేవు."

"నేను పంపలేదండీ."

లోపలినుంచి ప్లంబర్ పానా పట్టుకుని వచ్చాడు. అతనికీ కోపంగానే ఉంది. "మీరే కదా సార్ ఆలోచించమన్నారు. మీ గేటు ముందు నిలబడి, వచ్చానని మెసేజ్ పెట్టా. ఇంకోసారి ఆలోచించమన్నారు. బస్టాపు నుంచి ఎక్కడ తిరిగానో, ఎక్కడ ఆగానో మొత్తం రాసి పంపా. మళ్ళీ ఆలోచించమన్నారు. గేటు ఫొటో పెట్టా. దానికీ అదే మాట. సరే, నాదే పొరపాటేమో, ఇల్లు ఇది కాదేమోనని ఇటొచ్చా. మీరు చెప్పిన నీలం గేటు ఇక్కడా ఉంది."

పెద్దాయన ఏదో అంటున్నా వినకుండా మాస్టారు ఇంట్లోకి పరుగెత్తి ఫోను తీశారు. పిల్లలవి కాక పదిహేడు మెసేజ్‌లు. ప్రతిదాని కిందా ఆయన ఎరగని ఆయన జవాబు.

వచ్చే శనివారం తల్లిదండ్రుల సమావేశంలో 'పిల్లలతో మాట్లాడటం ఎలా' అన్న విషయం మీద మాస్టారు ప్రసంగించాలని హెడ్మిస్ట్రెస్ గారు మర్యాదగా కోరారు. ఇంకోసారి ఆలోచించమంది ఫోను. "ఆలోచించు ఏమిటి? నన్నేనా?" అని ఆవిడ అడిగారు. మంచి ప్రయత్నమంది ఫోను. "పాతికేళ్ళ సర్వీసులో నన్నెవరూ నువ్వు అనలేదు. రేపు పదింటికి నా గదికి రండి" అన్నారావిడ. అడుగులన్నీ వరసగా రాసి పంపమంది ఫోను.

ఆ తర్వాతివి మాస్టారి అక్కగారివి. ఆస్పత్రి నుంచి. "ఒరేయ్, రేపు పొద్దున మోకాలి ఆపరేషన్. సరేనని సంతకం పెట్టేశా." ఇంకోసారి ఆలోచించు. అక్కగారికి చిన్నప్పట్నుంచీ తమ్ముడి లెక్క తప్పదని గట్టి నమ్మకం. గంట తిరక్కుండా ఇంకో మెసేజ్. "డాక్టరు ఎంత మొత్తుకున్నా వినకుండా ఇంటికొచ్చేశా. నీకేం తెలిసిందో చెప్పరా." మంచి ప్రయత్నం. "నువ్వేంట్రా ఇలా మాట్లాడుతున్నావ్? నాకు భయమేస్తోంది. పిల్లకి ఫోన్ చేస్తున్నా."

పిల్ల అంటే కూతురే. మాస్టారు కిందికి జరిపారు.

"నాన్నా, అత్త ఫోన్ చేసింది. బానే ఉన్నావా?"

"మంచి ప్రయత్నం. కానీ ఇంకోసారి ఆలోచించు. అడుగులన్నీ వరసగా రాసి పంపు."

నలభై నిమిషాల తర్వాత ఇంకో మెసేజ్ వచ్చి ఉంది. ఎనిమిది నెలల మాటలన్నీ కలిపినా అంత పొడుగు లేవు.

"రాయమన్నావు కాబట్టి రాస్తున్నా. ఒకటి. నేను లెక్కల పేపరు ఫెయిలయ్యాను. నీకు చెప్పడానికి భయమేసి అమ్మకి చెప్పా. నాన్నకి నేను మెల్లిగా చెప్తాలే అంది. రెండు. చెప్పేలోపే ఆస్పత్రిలో చేరింది. మూడు. వస్తానని ఫోన్ చేస్తే, వద్దు, పరీక్ష రాసుకో, నాకేం ఫర్లేదు అంది. ఉండిపోయా. నాలుగు. నేను ఆ పేపరు మళ్ళీ రాస్తున్న పూటే అమ్మ పోయింది. ఐదు. అదీ ఫెయిలయ్యాను. కాబట్టి అమ్మ దగ్గర లేకపోవడం నా తప్పు. ఎన్నిసార్లు చేసినా ఇదే జవాబొస్తోంది నాన్నా."

దాని కింద, అదే నిమిషంలో, "మంచి ప్రయత్నం. కానీ ఇంకోసారి ఆలోచించు. అడుగులన్నీ వరసగా రాసి పంపు."

ఆ తర్వాత ఏమీ లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేశారు. స్విచాఫ్. మాస్టారు చేతికంటిన సుద్దయినా కడుక్కోకుండా, తలుపైనా వేయకుండా వీధిలోకి పరుగెత్తారు. గేటు దగ్గర ప్లంబర్ ఎదురొచ్చాడు.

"సార్, ఇప్పుడు మీ కుళాయి చూడమంటారా, ఇంకా ఆలోచించమంటారా?"

హాస్టల్‌కి బస్సులో గంట ప్రయాణం. ఆ గంటలో మాస్టారికి రాని ఆలోచన లేదు. రోజుకి ఒకటి చొప్పున ఎనిమిది నెలలు, రెండు వందల నలభై సార్లు "తిన్నావా" అని అడిగారు. అందులో ఒక్కసారైనా ఎలా ఉన్నావమ్మా అని అడిగి ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదని ఆయనకి తెలుసు. ఆ పిల్ల రాసిన మూడో అడుగు దగ్గర ఆయన మనసు పదేపదే ఆగుతోంది. అక్కడ ఏం జరిగిందో బతికున్నవాళ్ళలో తెలిసింది ఆయన ఒక్కరికే.

హాస్టల్ మేడమెట్లు రొప్పుతూ ఎక్కేసరికి, కూతురు డాబా మీద బట్టలు ఆరేస్తోంది. మనిషి కనబడగానే మాస్టారు నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూర్చుండిపోయారు.

"నాన్నా? ఏంటిలా వచ్చావ్? చేతికి సుద్ద కూడా కడుక్కోలేదు."

"ఫోనెందుకు ఆపేశావ్?"

"ఛార్జింగ్ అయిపోయింది. అంత పెద్ద మెసేజ్ కొట్టా కదా."

మాస్టారు ఊపిరి కూడదీసుకున్నారు. "ఆ జవాబులు నేను పంపలేదమ్మా. ఫోనే పంపింది. నేను క్లాసులో ఉన్నా."

"తెలుసు నాన్నా."

"ఎలా తెలిసింది?"

"మంచి ప్రయత్నం అని ఉంది కదా. నువ్వు నన్నెప్పుడూ ఆ మాట అనలేదు."

కోపంగా అనలేదు ఆ పిల్ల. ఎన్నొచ్చాయంటే ఎన్నొచ్చాయో చెప్పినట్టే చెప్పింది. మాస్టారికి అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"మరి తెలిసీ అంతా ఎందుకు రాశావ్?" అని అడిగారు.

"ఎవరో ఒకరు అడిగారు కదా అని. అమ్మ పోయాక ఎవరూ అడగలేదు."

కూతురు బకెట్‌లోంచి ఇంకో బట్ట తీసి పిండింది. మాస్టారు జేబులోంచి ఫోను తీసి, ఆ పొడుగాటి మెసేజ్ తెరిచి, మూడో అడుగు మీద వేలు పెట్టారు.

"ఇది తప్పమ్మా," అన్నారు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి నోటివెంట ఆ మాట వచ్చింది. "వద్దని అమ్మ అనలేదు. పిల్లని చూడాలనుంది, రప్పించండి అని రెండుసార్లు అడిగింది. పరీక్ష పోతుందే, అయ్యాక చూద్దాంలే అన్నాను. నీతో అలా చెప్పమన్నది కూడా నేనే. నా మాట తీసెయ్యలేక చెప్పింది. అది ఏ పరీక్షో కూడా నాకు తెలీదు. కాబట్టి ఆ తప్పు నీది కాదు, నాది."

భార్య పోయిన రోజు, వచ్చినవాళ్ళకి కుర్చీలు చాలుతాయో లేదో లెక్కపెట్టుకుంటూ తిరిగిన మనిషి ఆయన. ఆ డాబా మీద, ఆరేసిన దుప్పట్ల మధ్య కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. కూతురు దగ్గరికి రాలేదు. పిండిన బట్ట చేతిలోనే ఉండిపోయింది.

"నాకు నీమీద చాలా కోపంగా ఉంది నాన్నా."

"ఉంటుందమ్మా."

"ఎనిమిది నెలలు నేనేమైపోయానో నీకు తెలీదు. ఇలా వచ్చి నోటితో నాలుగు ముక్కలు చెప్తే సరిపోదు. అమ్మ ఏమంది, నువ్వేమన్నావు, మొత్తం రాసి పంపు. ఒక్కటి వదలకుండా."

తిరుగు బస్సులో మాస్టారు ఒంటివేలితో రాస్తూనే ఉన్నారు. దిగాల్సిన చోట దిగడం మరిచిపోయి, ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, అక్కడి బెంచీ మీద కూర్చుని పూర్తిచేసి పంపారు. అక్కగారిని మళ్ళీ ఆస్పత్రిలో చేరడానికి ఒప్పించేసరికి గొంతు పోయింది. హెడ్మిస్ట్రెస్ గారికి ఫోన్ చేసి ఒక్క గుక్కలో తొమ్మిదిసార్లు "మీరు" అన్నారు. శనివారం ప్రసంగం ఇంకెవరికైనా ఇమ్మని, ఆ విషయం తనకి తెలీదని కూడా చెప్పారు. కంప్యూటర్ టీచరమ్మ ఊళ్ళో లేదు. ఆ ఏర్పాటు తానే తీసేద్దామంటే, మళ్ళీ ఏ సమితి మీద చెయ్యి పడుతుందోనని మాస్టారికి ధైర్యం చాలలేదు.

మర్నాడు మధ్యాహ్నం దాకా హాస్టల్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒంటిగంటకి స్టాఫ్ రూములో "తిన్నావా" అని కొట్టబోయి, సిగ్గేసి, చెరిపేశారు. రెండింటికి ఫోను మోగింది.

"చదివాను. కోపం తగ్గలేదు. అమ్మ సంగతులు ఇంకా అడగాలి. సాయంత్రం ఇంటికొస్తున్నా."

మాస్టారు కళ్ళు తుడుచుకుని వేలు ఎత్తేలోపే, మంచి ప్రయత్నం, కానీ ఇంకోసారి ఆలోచించమని ఫోను జవాబిచ్చేసింది.

అమ్మాయి ఇంకోసారి ఆలోచించకుండానే ఐదింటి బస్సు ఎక్కింది.