ఎర్ర బండిలో మాడు వాసన

ఆ మంగళవారం తణికైవేల్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి మణవాళనగర్‌లో బయలుదేరాలి, తొమ్మిదిన్నరకు తిరుత్తణి చేరాలి, పదకొండింటికి మోటారు ఆఫీసరుకు ఎర్ర బండిని చూపించి ఎఫ్‌సి తెచ్చుకోవాలి. ఎఫ్‌సి అంటే ఈ బండి ఇంకా రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే కాగితం. ఇరవై ఏళ్ళ బండికి ఆ కాగితమే ఆయుష్షు.

వయసులో ఉన్నప్పుడు ఎర్ర బండి మామూలు బండి కాదు. పందెం కార్ల జాతి. కాలు అలా ఆనిస్తే చాలు, బైపాస్ మీద లారీలు వెనక్కి వెళ్తున్నట్టు కనిపించేవట. మూడో చేతి బండిగా కొన్న తణికైవేల్‌కు ఆ వేగం పెద్దగా దక్కలేదుగానీ ప్రేమ మాత్రం పూర్తిగా పట్టుకుంది. వారంలో ఆరు రోజులు ఫ్యాక్టరీలో షిఫ్టు, ఏడో రోజు బండి కింద పడక. పోయిన ఆదివారం అతని భార్య దేవసేన వంటింట్లోంచే తీర్పు చెప్పేసింది.

"బావా, ఇదే కడసారి. ఎఫ్‌సి వస్తే ఉంచుకో. రాలేదంటే ఆ తిరుత్తణి కొండ కిందనే ఎవరికైనా ఇచ్చేసి బస్సులో రా."

"సరే. మురుగన్ సాక్షి," అనేశాడు తణికైవేల్, బండి కిందనుంచి. ఆ సాక్షి ఆ కొండ మీద గుడిలోనే కూర్చుని అంతా చూస్తుంటాడు, తప్పించుకోవడం కష్టం.

మాట తప్పకుండా చూసుకోవడానికి దేవసేన కూడా బయలుదేరింది. తిరుగు ప్రయాణానికి బస్సు టైములు రాసుకున్న కాగితం సంచిలో పెట్టుకుంది. వెనక సీట్లో ఆమె తండ్రి వేలాయుధం కూర్చున్నాడు. తణికైవేల్‌కు ఆయన మామగారే కాదు, సొంత మేనమామ కూడా. యాభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి. మోకాళ్ళు మొరాయించి మగ్గం ఊడదీసిన మూడేళ్ళ నుంచి చేతులకు పని లేక, కూతురి ఇంట్లో ఏది కనిపిస్తే దాన్ని బాగు చేస్తూ వస్తున్నాడు. ఆ రోజు గంజి పెట్టిన తెల్ల పంచె కట్టుకుని, అది నలగకుండా బిగుసుకుని కూర్చున్నాడు.

"గుడ్డ ఏమి మామా, అట్ల నిలబడుకోనుండాది?" అని నవ్వాడు తణికైవేల్.

"ఆఫీసర్ ముందరికి పోయేటప్పుడు గుడ్డ నీటుగా ఉండాల మాప్పిళ్ళా. మెత్తగా వేలాడతా ఉంటే మర్యాద ఏముంది?" అన్నాడు వేలాయుధం. అల్లుణ్ణి ఆయన తమిళంలో మాప్పిళ్ళా అనే పిలుస్తాడు.

తిరుప్పాచూరు దాకా బండి బుద్ధిగానే నడిచింది. అక్కడ ఒకసారి దగ్గింది. ఇంకోసారి ఎగిరింది. ఆపైన మీటరు పక్కన పసుపు దీపం వెలిగించి ఆగిపోయింది. ఆగిన నిమిషంలో బానెట్ సందుల్లోంచి ఒక వాసన లోపలికి వచ్చింది. పెట్రోలు కాదు, రబ్బరు కాదు. మాడిన అన్నం.

"అన్నం వాసన వస్తా ఉండాది గదా?" అంది దేవసేన ముక్కు ఎగబీలుస్తూ.

"ఎవరింట్లోనో వండుకుంటా ఉంటారు," అని తణికైవేల్ తాళం తిప్పాడు. బండి ఎలాగో లేచింది. మూలుగుతూ, ముక్కుతూ పాండూరు వరకు పోయి, టీ కొట్టు ఎదుట మళ్ళీ ఆగిపోయింది. మళ్ళీ అదే వాసన, ఈసారి ఇంకా గట్టిగా.

దేవసేన సంచిలో ఫోన్ వెతికింది. "అయ్యయ్యో! స్టవ్ ఆర్పినానా లేదా? పొద్దున కుక్కర్ పక్కన గిన్నె పెట్టినాను!"

"ఇల్లు యాడ, మనం యాడ? అక్కడ మాడితే ఇక్కడికి వాసన వస్తాదా?"

"నా మనసుకు తెలుస్తా ఉండాది బావా," అంటూ ఆమె పక్కింటి సెల్వికి ఫోన్ చేసింది. "సెల్వీ, మా ఇంట్లో అన్నం మాడతా ఉండాది. గ్యాస్ వెలుగుతా ఉన్నట్టుంది. తాళం నా దగ్గరే ఉండాదే! ఏమైనా చెయ్యి, సీక్రం!"

"ఏమైనా చెయ్యి" అన్న మాట సెల్వి లాంటి మనిషితో అనకూడదు. ఆ సంగతి దేవసేనకు అప్పుడు తోచలేదు.

మెకానిక్ జీవా షెడ్డు పాండూరులోనే ఉంది. పోయిన వారం ఎర్ర బండికి సర్వీసు చేసింది అతనే. కబురు అందగానే స్కానర్ పట్టుకుని పరుగెత్తుకు వచ్చాడు. వచ్చీ రాగానే తణికైవేల్ అతని మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వు చెయ్యి పెట్టిన వారానికే ఇట్లయింది జీవా! ఎఫ్‌సి నాడు నన్ను రోడ్డు మీద నిలబెట్టినావు గదా!"

"అన్నా, నేను ఆయిల్ మార్చినాను, ప్లగ్గులు మార్చినాను. అంతే! అమ్మ మీద ఒట్టు!"

"అయితే ఇంకెవరో చెయ్యి పెట్టినారు. ఎవడో తెలిస్తే వాని చేతులు విరగ్గొడతా!"

"విరగ్గొట్టాల్సిందే," అన్నాడు వేలాయుధం సీట్లోంచి. "నడిచే బండిని చెడగొట్టినోడు మనిషేనా?"

జీవా చిన్నబుచ్చుకున్న మొహంతోనే స్కానర్ తగిలించాడు. తప్పు గాలి సెన్సార్‌లో ఉందని అది చెప్పింది. నమ్మకం కుదరక జీవా ఆ సెన్సార్ వైరు పీకి ఇంజన్ తిప్పాడు. బండి మందకొడిగానైనా ఆగకుండా నడిచింది. వైరు మళ్ళీ తగిలించగానే దగ్గి ఆగింది. ఇక అనుమానం లేదు.

"ఇంజన్‌లోకి ఎంత గాలి పోతా ఉందో లెక్క చెప్పేది ఇదే అన్నా. లోపల తల వెంట్రుక కంటే సన్నంగా ఒక తీగ ఉంటుంది. కాలతా ఉంటుంది. బండి ఆపితే ఒక్క క్షణం ఎర్రగా మండి, అంటుకున్న దుమ్మును అదే కాల్చేసుకుంటుంది. ఇప్పుడు దానికి ఏదో పట్టేసింది. తుడవబోతే తెగిపోతుంది. కొత్తది రావాలంటే నాలుగు దినాలు."

"వైరు పీకేసి పోతే?"

"ఆ పసుపు దీపం ఆరదు అన్నా. దీపం చూస్తే ఆఫీసర్ ఒప్పుకోడు."

టైము తొమ్మిదిన్నర. దేవసేన సంచిలోంచి బస్సు టైముల కాగితం తీసింది. తణికైవేల్‌కు ఏడుపు ఒక్కటే తక్కువ. నలభై ఏళ్ళ మనిషి రోడ్డు పక్కన కారు మీద చెయ్యి వేసి నిలబడి కళ్ళు తుడుచుకోవడం బాగుండదని, ఎండ కొడుతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అంతలో సెల్వి ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఆమె గొంతు టీ కొట్టు దాకా వినిపించింది.

"అక్కా, మా ఇంటాయన గడ్డపార తెచ్చినాడు. అందరూ చేరి తలుపు పీకేసినారు. స్టవ్ ఆరిపోయే ఉండాదక్కా, ఏమీ మాడలేదు. ఒకటే, ఇప్పుడు నీకు తలుపు లేదు."

దేవసేన బస్సు కాగితంతో మొహం విసురుకుంది. "మరి ఆ మాడు వాసన యాడిది?" అంది.

ఆ మాటకు వేలాయుధం కారు దిగాడు. కళ్ళజోడు సవరించుకుని, జీవా చేతిలోని సెన్సార్‌ను వెలుతురుకు ఎత్తి పట్టించి చూశాడు. తెగిన పోగును వెతికిన కళ్ళు అవి. అంచున అంటిన తెల్లటి పొక్కును గోటితో తీసి, వేళ్ళ మధ్య నలిపి, నాలుక మీద వేసుకున్నాడు.

"ఇది గంజి," అన్నాడు. మరుక్షణం కళ్ళజోడు తీసేశాడు. "మన ఇంటి ఇడ్లీ బియ్యం గంజి."

ఎవరికీ అర్థం కాలేదు. వేలాయుధం నేల చూపులు చూస్తూ చెప్పాడు. "ఆ గాలి డబ్బాలో గుడ్డ ఉండాది గదా మాప్పిళ్ళా. నువ్వు విప్పి దులిపేది చూసినాను. మంచి నూలు గుడ్డ. జిడ్డు పట్టి, మెత్తబడి కిందికి జారుకోనుండాది. ఆఫీసర్ డబ్బా తెరిస్తే మన పరువేం గాను అని, నిన్న నువ్వు షిఫ్టుకు పోయినప్పుడు సోపు పెట్టి ఉతికి, గంజి పెట్టి, నీడన ఆరబెట్టి పెట్టేసినా. ఆ గంజే గాలితో పోయి తీగ మీద మాడతా ఉండాది." అంటూ రెండు చేతులూ ముందుకు చాపాడు. "విరగ్గొట్టు."

తణికైవేల్‌కు కోపం ముంచుకొచ్చింది. ఎదురుగా ఆ చేతులు కనిపించాయి. యాభై ఏళ్ళు పోగులు లాగి లాగి వేళ్ళ సందుల్లో కాయలు కాసిన చేతులు, మూడేళ్ళుగా పని కోసం ఇల్లంతా వెతుక్కుంటున్న చేతులు. ఈ బండిని ఇంట్లో తాను తప్ప ఎవరూ లెక్కచెయ్యరని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. మామ దానికి తన పంచెతో సమానంగా మర్యాద చేశాడు. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"విరగ్గొట్టేది తరవాత చూద్దాం మామా," అన్నాడు. "పోగుకు గంజి ఎక్కువైతే మీరు ఏం చేస్తారు?"

వేలాయుధం తల ఎత్తాడు. "రుద్దకూడదు. గోరువెచ్చని నీళ్ళల్లో ముంచి పట్టుకుంటే గంజి తానే విడుస్తుంది."

"సెన్సార్‌ను నీళ్ళల్లోనా!" జీవా గుండె పట్టుకున్నాడు.

టీ కొట్టులోంచి గ్లాసుతో గోరువెచ్చని నీళ్ళు వచ్చాయి. దేవసేన గ్లాసు పట్టుకుంది. వేలాయుధం సెన్సార్‌ను ముంచాడు, తీశాడు, నీళ్ళు మార్పించి మళ్ళీ ముంచాడు. కాఫీ తాగేటప్పుడు వణికే ఆ చెయ్యి ఇప్పుడు వణకలేదు. నాలుగోసారికి నీళ్ళు తేటగా వచ్చాయి. గుడ్డ ఫిల్టర్‌కూ అదే స్నానం చేయించి, రెంటినీ బానెట్ మీద ఎండలో పెట్టారు. గంజి పంచె నలుగుతున్నా చూసుకోకుండా వేలాయుధం వాటి పక్కనే నిలబడి చెంగుతో విసిరాడు. అన్నీ ఆరాక జీవా బిగించి, స్కానర్‌తో పాత తప్పు చెరిపేసి, కళ్ళు మూసుకుని తాళం తిప్పాడు.

ఎర్ర బండి దగ్గలేదు. పసుపు దీపం వెలగలేదు. "జీవా, నిన్ను ఊరికే అన్నాను, మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు తణికైవేల్. జీవా చెయ్యి ఊపి, త్వరగా పొమ్మన్నాడు.

పదకొండుకు అయిదు నిమిషాలు ఉండగా తిరుత్తణి చేరారు. ఆఫీసరు లైట్లు చూశాడు, బ్రేకులు చూశాడు, బానెట్ ఎత్తించి గాలి డబ్బా కూడా తెరిపించాడు. "పాత బండి అయినా ఫిల్టర్ ఇంత శుభ్రంగా పెట్టుకున్నారే!" అన్నాడు. వేలాయుధం గొంతు సవరించుకుని "సార్, దానికి నేను..." అని మొదలుపెట్టేలోగా తణికైవేల్ ఆయన కాలు తొక్కాడు. ఎఫ్‌సి వచ్చింది, అయిదేళ్ళకు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి తలుపు వాకిట్లో గోడకు ఆనుకుని ఉంది. వడ్రంగి రేపు వస్తాడని సెల్వి చెప్పింది. దేవసేన బోసిపోయిన గుమ్మాన్ని చూసింది, తండ్రి నలిగిన పంచెను చూసింది, చివరికి భర్త వైపు తిరిగింది.

"బావా, నీ బండిని గుమ్మానికి అడ్డంగా, గోడకు ఆనించి పెట్టు. పిల్లి కూడా దూరకూడదు."

పెట్టాడు. ఆమె సందులన్నీ వంగి చూసి, "పరవాలేదు, మంచి బండే," అంది. ఎర్ర బండిని దేవసేన మెచ్చుకోవడం అదే మొదలు, అదీ కదలకుండా నిలబడినందుకు.