దొరగారి గడప, మా అత్తమ్మ చెప్పులు

దొరల గడీలను మ్యూజియంలుగా మార్చడం కన్నా గొప్ప సంఘసేవ ఇంకోటి లేదు! కాదన్నవాళ్లు పటాన్‌చెరు బస్టాండుకు రండి, అక్కడే తేల్చుకుందాం.

ఆలోచించండి. ఫ్యాక్టరీ పొగకు ముక్కు మూసుకుని బతికే మనకు ఏసీ గాలి ఎక్కడ దొరుకుతుంది? వెలిమెల దాకా అపార్ట్‌మెంట్లు లేచిపోయాక ఇంత ఖాళీ జాగా ఎవరు మిగిల్చారు? దొరగారే! మన బోరు నీళ్లకు రంగొస్తే ఎవరూ పట్టించుకోరు. అదే రంగు మ్యూజియంలో కాన్వాసు మీద పడితే ఫ్రేము కట్టి లైటు వేస్తారు. కళంటే అదీ!

మొన్న ఆదివారం మా అత్తమ్మ దేవమ్మను జోగిపేట అవతల అలాంటి గడీకే తీసుకెళ్లాను. చిన్నప్పుడు ఆమె తల్లితో కలిసి ఆ వాకిళ్లు ఊడ్చింది, వెట్టికి. రావడం, పోవడం వెనక దొడ్డి తలుపు నుంచే. గడీ ముందు నుంచి నడవాలంటే ఎంతటివాళ్లయినా చెప్పులు చేత పట్టుకోవాల్సిందే.

గడీ మ్యూజియం అయిందని విన్నప్పటి నుంచి ఆమెది ఒకటే కోరిక. "అల్లుడా, ఒక్కసారి చెప్పులేసుకొని ముంగటి దర్వాజల నుంచి పోవాలె. గంతే. ఇగ నాకేం వద్దు." అందుకని కొత్త చెప్పులు కూడా కొనుక్కుంది.

గేటు దగ్గర గార్డు ఆపాడు. పాపం బిహార్ నుంచి వచ్చినవాడు, మన దొరల సంగతి అతనికేం తెలుసు? "అమ్మా, చప్పల్ ఉతారో. ఎంట్రీ పీఛే సే." ముందు తలుపు బర్మా టేకు, పాడైపోతుందట! నేల పాతకాలపు గచ్చు, చెప్పులు గీకుతాయట!

"గిదేంది బిడ్డా? దొర సచ్చిపోయిండంటివి గదా?" అన్నది అత్తమ్మ నా వైపు తిరిగి. కొత్త చెప్పులు ఎవరన్నా ఎత్తుకుపోతారని సంచిలో వేసుకుని వెనక తలుపు వైపు నడిచింది.

పాఠకులారా, ఇక్కడే మీరు చప్పట్లు కొట్టాలి. చరిత్రను ఇంత నిఖార్సుగా కాపాడిన మ్యూజియం లండన్‌లో ఉందా? చెప్పులు విప్పాలి, వెనక నుంచి రావాలి, గొంతు లేపకూడదు. గది నిండా కుర్చీలు, కూర్చుంటే తప్పు! ఒక గాజు పెట్టెలో పాత చీపురు నిలబెట్టి 'గ్రామీణ సౌందర్యం' అని పేరు పెట్టారు. "పుల్లలన్నీ ఊసిపోయినయ్, ఊడ్వనీకి పనికిరాదు," అని అత్తమ్మ తేల్చేసింది.

ముందు హాలుకు చేరేసరికి బయట కారు హారన్. గార్డు ఉరికాడు. బర్మా టేకు తలుపులు రెండూ బార్లా తెరుచుకున్నాయి! దొరగారి మనవడు బూట్లతో టకటకా లోపలికి వచ్చాడు. "మాలిక్ హై," అని గార్డు నా చెవిలో ఊదాడు. తలుపు పాడుకాలేదు, గచ్చు గీక్కుపోలేదు. బూట్లకు అంత సంస్కారం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అత్తమ్మ నన్ను అడగలేదు. సంచిలోంచి చెప్పులు తీసి కింద పడేసి కాళ్లకు తొడిగింది.

"అమ్మా, రుకో!"

"ఏం రుకో? లోపలికి రానియ్యకుంటే మానె. బయటికన్న గిట్లనే పోత!"

గడప తొక్కకూడదంటారు. ఆమె ముందు తలుపు దాకా నడిచి, రెండు కాళ్లూ దాని మీదే పెట్టి నిలబడింది. మనవడుగారు నోరు తెరిచి చూస్తున్నారు. నాకు భయం, సంతోషం రెండూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

అందుకే మళ్లీ అంటున్నాను, గడీలను కూల్చకండి. ఆ గడప లేకపోతే మా అత్తమ్మ ఎక్కడ నిలబడేది?

"అల్లుడా, జల్దీ ఫొటో తియ్యి," అన్నది. "నా మొకం రాకున్నా మంచిదే. చెప్పులు రావాలె."